ఫోనుందిగా, ఇంకోటెందుకు?

ఆడవాళ్ళు ఇంట్లో ఏదైనా కావాలని అడిగితే వచ్చే జవాబుల్లో ఈ మధ్య కొత్తగా ఒకటి చేరింది. "ఫోనుందిగా!" వంటింట్లోకి గడియారం కావాలంటే ఫోనుందిగా. టార్చిలైటు కావాలంటే ఫోనుందిగా. పాటలు వినడానికి చిన్న ప్లేయరొకటి కొనుక్కుంటానంటే ఇంక చెప్పనే అక్కర్లేదు. "ఫోనుందిగా, ఇంకోటెందుకు, డబ్బులు దండగ" అని ముగ్గురు మూడు గదుల్లోంచి ఒకేసారి అంటారు. అడిగినావిడ కూడా "నిజమేలే" అనుకుని ఊరుకుంటుంది.

నిజం కాదండీ. ఇంటిపని చేసే ఆడమనిషికి పాటలు వినే సాధనం విడిగా, సొంతంగా ఒకటి ఉండాలి. అది ఖరీదైనది అక్కర్లేదు. కానీ ఫోను మాత్రం కాకూడదు. ఎందుకో చెప్తాను, తక్కువలో ఏది కొనుక్కోవాలో కూడా చెప్తాను. ఆ తర్వాత మీ ఇష్టం.

ముందు ఆ ఫోను రోజంతా ఎవరి చేతిలో ఉంటుందో లెక్కేద్దాం. పొద్దున్నే పిల్లల స్కూలు గ్రూపులో ఏం వచ్చిందో చూడాలి. గ్యాసు బండ తెచ్చినతనికి ఓటీపీ చెప్పాలి. ఆడపడుచు ఫోను చేస్తుంది. చిన్నాడు అన్నం తినాలంటే ఎదురుగా బొమ్మలు ఆడాలి. మధ్యాహ్నానికి ఛార్జింగు అయిపోయి హాల్లో ప్లగ్గుకి వేలాడుతుంటుంది. మనం రెండో వాయి ఇడ్లీ వేసేటప్పుడో, చేతులు పిండిలో ఉన్నప్పుడో, మేడ మీద బట్టలు ఆరేసేటప్పుడో కదా పాట కావాల్సింది? ఆ టైములో ఆ ఫోను మన దగ్గర ఉండదు. ఉన్నా తడిచేత్తో ముట్టుకుంటే ఆ అద్దం మాట వినదు.

సరే, ఉందనే అనుకుందాం. డబ్బు కట్టకుండా యూట్యూబు పెట్టుకుంటే, అద్దం వెలుగు ఆరిపోయిందంటే పాట కూడా ఆగిపోతుంది. అంటే చెవులతో వినాల్సిన దానికి గంటసేపు బొమ్మ వెలుగుతూ ఉండాలి, బ్యాటరీ కరుగుతూ ఉండాలి. మధ్యలో ప్రకటనలు. విష్ణు సహస్రనామం సగంలో సంబంధం లేని ప్రకటన వస్తే ఎలా ఉంటుందో మీకు తెలియంది కాదు. సుశీలగారి పాట అవ్వగానే దాని తర్వాత ఏది రావాలో మనం చెప్పం, అదే తెచ్చి పెడుతుంది. నాలుగు పాటలు అయ్యేసరికి మనం ఎక్కడ మొదలుపెట్టామో, ఎక్కడికి వచ్చామో అర్థం కాదు.

"నెలకింతని కడితే ప్రకటనలుండవు" అంటారు. నిజమే, కట్టగలిగినవాళ్ళు కట్టుకోవచ్చు. కానీ ఆ పాటలు మనవి అనుకోకండి. అవి అద్దె పాటలు. అద్దె ఆగిన రోజున పాటా ఆగుతుంది. మనం అద్దె మానకపోయినా ఇంటాయన ఇల్లే ఎత్తేయచ్చు. ఎయిర్‌టెల్ వాళ్ళ వింక్ మ్యూజిక్‌ని 2024లో మూసేశారు. అంతకు ముందు 2020లో గూగుల్ వాళ్ళు ప్లే మ్యూజిక్‌ని మూసేశారు. అందులో ఏళ్ళ తరబడి ఒక్కొక్కటే ఏరుకుని పెట్టుకున్న జాబితాలు వేరేచోటికి మార్చుకోవడం తెలిసినవాళ్ళు మార్చుకున్నారు. ఆ మార్చుకోవడం తెలియనివాళ్ళు ఎవరై ఉంటారో, ఏ వంటింట్లో ఉంటారో చెప్పక్కర్లేదు.

వీటన్నిటికంటే పెద్ద ఇబ్బంది ఇంకోటుంది. పాట మార్చడానికి ఫోను చేతిలోకి తీసుకుంటామా, పైన ఎవరిదో మెసేజి కనిపిస్తుంది. అది చూస్తే ఎవరిదో పెళ్ళి ఫొటోలు. అవి చూస్తే ఆ చీర ఎక్కడ కొన్నారో అని ఇంకో ఇరవై నిమిషాలు. ఇటు పోపు మాడుతుంది, అటు పాట ఎప్పుడో అయిపోతుంది. ఫోను మనకి పాట వినిపించే ముందు వందమందిని వంటింట్లోకి పిలుచుకొస్తుంది. చిన్న ప్లేయరు ఆ పని చెయ్యదు. దానికి పాడటం ఒక్కటే తెలుసు. దాన్ని "తక్కువ" అంటారు కొందరు. నా లెక్కలో అదే ఎక్కువ.

ఇప్పుడు ఒక పాత సంగతి. జేబులో పెట్టుకుని పాటలు వినే వాక్‌మన్‌ని సోనీ కంపెనీ 1979 జులైలో జపానులో అమ్మకానికి పెట్టింది. ఆ కంపెనీ పెట్టినవాళ్ళలో ఒకరైన మసారు ఇబుకాగారికి దూరప్రయాణాల్లో, విమానంలో తనకి నచ్చిన సంగీతం వినాలనిపించింది. ఆయన అడిగితే ఇంజనీర్లు తయారుచేసి పెట్టారు. పెద్దమనిషి విమానంలో ఊరికే కూర్చుని వినడానికి విడిగా ఒక యంత్రం కావాలంటే ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. మనం నిలబడి రోజుకి ఆరేడు గంటలు పని చేస్తూ వినడానికి అడిగితే దండగ అయిందా?

అంత దూరం కూడా ఎందుకు, మన గోదారి జిల్లాల్లోనే చూడండి. ట్రాక్టరు తోలేవాడికి సీటు పక్కన పాటల పెట్టె ఉంటుంది. ఆటోకి వెనకాల రెండు స్పీకర్లుంటాయి. క్షౌరశాలలో పాట, టీ బడ్డీ దగ్గర పాట, ఇల్లు కట్టే చోట మేస్త్రీ దగ్గర పాట. వాళ్ళని ఎవరూ "ఫోనుందిగా" అనరు. పనిచేసే మగవాడికి పాట కావాలని అందరికీ తెలుసు. వంటిల్లు కూడా పనిచేసే చోటేనని మాత్రం ఎవరికీ గుర్తుండదు.

పనికీ పాటకీ చుట్టరికం కలిపిందే ఆడవాళ్ళు కదండీ! ఊడ్పుల పాటలు, దంపుళ్ళ పాటలు, తిరగలి పాటలు ఎవరివి? చెయ్యి ఆడుతుంటే గొంతు కూడా ఆడేది. రైసుమిల్లొచ్చింది, రోకలి పోయింది. మిక్సీ వచ్చింది, రుబ్బురోలు పోయింది. పని మాత్రం పోలేదు, రూపం మార్చుకుని ఇంట్లోనే ఉంది. పాట ఒక్కటే పోయింది. ఇదివరకు నలుగురు కలిసి చేసే పని ఇప్పుడు తలుపు వేసుకుని ఒక్కరే చేస్తున్నారు. మిక్సీ మోత, ఎగ్జాస్టు ఫ్యాను మోత, కుక్కరు కూతలు. అంతే సంగీతం.

మధ్యలో రేడియో కొన్నాళ్ళు ఆ లోటు తీర్చింది. మన నిడదవోలులో పుట్టిన బాలాంత్రపు రజనీకాంతరావుగారు విజయవాడ ఆకాశవాణిలో పనిచేసిన రోజుల్లో భక్తిరంజనికి ఎంత పేరొచ్చిందో పెద్దవాళ్ళనడిగితే చెప్తారు. కోనసీమలో శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణగారి గొంతు కూడా అలాగే ఇళ్ళల్లోకి వచ్చింది. అప్పుడు రేడియో హాల్లోనే ఉండేది, కానీ పాట ఇల్లంతా తిరిగేది. ముగ్గు వేసేవాళ్ళకీ, కాఫీ కలిపేవాళ్ళకీ, పేపరు చదివేవాళ్ళకీ ఒకటే పాట. రేడియో ఇంటిది. ఫోను అలా కాదు, అది మనిషిది. మావారికి ఇయర్‌ఫోన్లు, మా పిల్లలకి ఇయర్‌బడ్లు. ఎవరి పాట వాళ్ళ చెవిలోకి వెళ్ళిపోయింది. అందరికీ వచ్చాక కూడా రానిది నాకే.

"మరి పెద్దవాళ్ళకని పాటల పెట్టె కొనిస్తున్నాంగా" అంటారు పిల్లలు. సరిగమ వాళ్ళ కారవాన్ సంగతి. 2017లో ముందు హిందీ పాటలతో వచ్చింది, తర్వాత తెలుగులోనూ వచ్చింది. అయిదువేల పాటలు లోపలే నింపి ఇస్తారు. మంచి వస్తువే, కాదనను. చూపు తగ్గినవాళ్ళు కూడా మర తిప్పుకుని వినచ్చు. పాత హెచ్.ఎం.వి. కంపెనీయే సరిగమ కాబట్టి ఘంటసాలగారి కాలంనాటి పాటలకి లోటుండదు. పెద్దదానికి వేలల్లో అవుతుంది, అది మొదటి సంగతి. రెండోది, ఆ అయిదువేలూ ఎంచినవాళ్ళు ఎవరు? కంపెనీవాళ్ళు. వాళ్ళ దగ్గర హక్కులున్న పాటలే అందులో ఉంటాయి. మూడోది ఇంకా ముఖ్యం. మా చుట్టాలింట్లో కొడుకు విదేశం నుంచి అమ్మానాన్నలిద్దరికీ అని అలాంటి పెట్టె ఒకటి పంపాడు. అది హాల్లో మావయ్యగారి పడక్కుర్చీ పక్కన కూర్చుంది. ఆయన ఏది పెడితే అత్తయ్యగారు వంటింట్లోంచి అదే గోడవతల నుంచి వింటారు. ఆవిడకేం ఇష్టమో ఆ ఇంట్లో ఒక్కరు చెప్పలేకపోయారు. "ఇద్దరికీ" అని కొన్నది ఎప్పుడూ ఒకరి పక్కనే కూర్చుంటుంది. అందుకే సొంతంగా ఒకటి అంటున్నాను.

ఇక కొనే సంగతికి వద్దాం. తక్కువలో దొరికేవి మూడు రకాలు.

మొదటిది, అరచేతిలో పట్టే స్పీకరు పెట్టె. మెమరీ కార్డు, పెన్‌డ్రైవు, ఎఫ్ఎం, బ్లూటూత్ అన్నీ ఉంటాయి. రాజమండ్రి మెయిన్ రోడ్డులో సెల్లు సామాన్లు అమ్మే ఏ కొట్లో అడిగినా వెయ్యి రూపాయల లోపే చూపిస్తారు. వంటింటికి ఇదే సరైనది, చెవుల్లో ఏమీ పెట్టుకోనక్కర్లేదు.

రెండోది, జేబులో పెట్టుకునే చిన్న ఎంపీ3 ప్లేయరు. దీనికి ఇయర్‌ఫోను ఉండాలి. సాయంత్రం నడకకి వెళ్ళేవాళ్ళకీ, బస్సులో రోజూ తిరిగేవాళ్ళకీ బావుంటుంది. వంటింట్లో మాత్రం రెండు చెవులూ మూసుకోకండి. కుక్కరు కూత, పాలు పొంగే చప్పుడు, పసివాడి ఏడుపు వినపడాలి కదా.

మూడోది ఎవరూ చెప్పనిది. మీటల ఫోను, పదిహేను వందలు అటూ ఇటూగా వస్తుంది. పాటల కోసమే కొనుక్కుని, సిమ్ వెయ్యకుండా వాడండి. సిమ్ లేకపోతే అది ఫోనే కాదు, ఎవరూ పిలవరు. స్పీకరు ఉంది, ఎఫ్ఎం ఉంది, కార్డు పడుతుంది, టార్చి కూడా ఉంది. చూడకుండానే మీట నొక్కి పాట మార్చుకోవచ్చు. కొనేముందు రెండు చూడండి. సిమ్ లేకుండా పాట వస్తోందా? ఇయర్‌ఫోను గుచ్చకుండా ఎఫ్ఎం పలుకుతోందా?

కొట్లో అమ్మేవాళ్ళు లైట్లు వెలిగించి చూపిస్తారు, పెద్ద శబ్దం పెట్టి చూపిస్తారు. వాటిని పట్టించుకోకండి. మనం చూడాల్సినవి వేరే.

ఆపి మళ్ళీ పెడితే ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మొదలవుతోందా? ఇది అన్నిటికంటే ముఖ్యం. ప్రవచనాలు వినేవాళ్ళకి మరీను. గంటన్నర ప్రవచనంలో నలభయ్యో నిమిషంలో ఎవరో తలుపు కొడతారు. తిరిగొచ్చి పెడితే మళ్ళీ "శ్రీ గురుభ్యోనమః" దగ్గర్నుంచి మొదలైతే ఆ ప్రవచనం ఈ జన్మలో పూర్తవ్వదు. మన రోజు ముక్కలు ముక్కలుగా ఉంటుంది, ఆ ముక్కల్ని అతికించి పెట్టే వస్తువు కావాలి మనకి.

మీటలు ఉబ్బెత్తుగా ఉన్నాయా, తడివేలితో నొక్కితే పనిచేస్తున్నాయా? ఒక ఫోల్డరు నుంచి ఇంకో ఫోల్డరుకి వెళ్ళడానికి మీట ఉందా? లేకపోతే అన్నమయ్య కీర్తనల నుంచి సినిమా పాటలకి రావాలంటే ఒక్కొక్కటే వందసార్లు నొక్కాలి. బ్యాటరీ ఊడదీసి వేసేదా? పాత నోకియా ఫోన్లలో వాడిన బి.ఎల్.-5సి రకం బ్యాటరీతో వచ్చే పెట్టెలు చాలా ఉన్నాయి. ఆ బ్యాటరీ ఏ సెల్లు రిపేరు కొట్లోనైనా దొరుకుతుంది. లోపల అతికించేసినదైతే బ్యాటరీ చచ్చిన రోజున పెట్టె కూడా చెత్తబుట్టలోకే. ఛార్జింగు తీగ ఇంట్లో ఉన్నదే సరిపోతుందా? చివరిగా, కొట్లో ఫ్యాను కింద, రోడ్డు చప్పుడులో మాటలు స్పష్టంగా వినపడుతున్నాయో లేదో చూడండి. గట్టిగా మోగడం వేరు, మాట తెలియడం వేరు. మీ దగ్గరున్న కార్డు పట్టుకెళ్ళి, మీకు బాగా తెలిసిన పాట పెట్టించి వినండి. "అలా కుదరదమ్మా" అంటే ఇంకో కొట్టుకి వెళ్ళండి. ఆయ్, కొనేది మనం.

కార్డు సంగతి కూడా చెప్పేస్తాను. మామూలు ఎంపీ3 పాట నిమిషానికి దాదాపు 1 ఎంబీ పడుతుంది. నాలుగు నిమిషాల పాటకి 4 ఎంబీ. అంటే 8 జీబీ కార్డులో సుమారు 2000 పాటలు పడతాయి. అన్నీ ప్రవచనాలే అయితే 130 గంటలు దాకా. కాబట్టి పెద్ద కార్డు కోసం ఎగబడకండి. చవక ప్లేయర్లు చాలామటుకు 32 జీబీ దాటిన కార్డుని చదవలేవు కూడా. చవగ్గా వచ్చిందని కొన్న కార్డు మీద 64 అని ఉండి లోపల నాలుగే ఉన్నవి కూడా తిరుగుతున్నాయి, నిండుగా నింపి చూస్తే గానీ బయటపడవు. ఇంకోటి, ఈ పెట్టెలు చాలావరకూ పాటల్ని పేర్ల వరసలో కాకుండా మనం కార్డులోకి ఎక్కించిన వరసలో పాడతాయి. అందుకని ఏది ముందు కావాలో అది ముందు ఎక్కించండి.

కొట్టువాడు యాభయ్యో వందో తీసుకుని "రెండువేల సూపర్ హిట్లు" నింపి ఇస్తానంటాడు. వద్దనండి. అందులో పాడినవాళ్ళకీ, కట్టినవాళ్ళకీ పైసా వెళ్ళదు. పైగా అవి వాడి సూపర్ హిట్లు, మనవి కావు. ఇంట్లో బీరువా కింద అరలో ఎప్పుడో కొన్న ఎంపీ3 సీడీలుంటాయి చూడండి. పిల్లల చేత కంప్యూటర్లోంచి కార్డులోకి ఎక్కించుకోండి. యాప్‌లలో "డౌన్‌లోడ్" అని నొక్కినవి మాత్రం కార్డులోకి రావు, అవి ఆ యాప్‌లోనే పలుకుతాయి.

ఇంకో రకం పాటలున్నాయి, వాటిని ఏ కంపెనీ అమ్మదు. మీ అమ్మగారు పాడే మంగళహారతి. మీ అత్తయ్యగారి నోట్లో మాత్రమే మిగిలిన అట్లతద్ది పాట, లాలిపాట, అప్పగింతల పాట. ఫోనులో రికార్డు చేసి కార్డులో వేసుకోండి. ఫోనుకి అప్పజెప్పాల్సిన పని అదొక్కటే. ఫోనులోనే వదిలేస్తే ఫోను మార్చిన రోజున పోతుంది.

ఎఫ్ఎం ఉన్నదే కొనమనడానికి మన ఊళ్ళలో ఇంకో కారణం కూడా ఉంది. ధవళేశ్వరం దగ్గర గోదారి 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 2022 జులైలో మూడోదీ దాటింది, 25 లక్షల క్యూసెక్కుల పైన నీళ్ళు కిందికి వదిలారు. లంకల్లో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ఫోనులో ఉన్న ఛార్జింగు నాలుగు ముఖ్యమైన మాటలకి దాచుకోవాలి. వార్తలు వినడానికి అది వాడేస్తే ఎలా? విడిగా చిన్న పెట్టె ఉంటే అదే ఊరి సంగతులు చెప్తుంది. మీరు వినే ఆకాశవాణి మీడియం వేవులో వచ్చేదైతే, ఎఫ్ఎం ఒక్కటే ఉన్నదాంట్లో అది రాదు, ఆ సంగతి అడిగి తీసుకోండి.

ఇన్ని చెప్పాక కూడా "పాటలు వింటూ పనిచేస్తే ధ్యాస ఉండదు" అనేవాళ్ళుంటారు. ట్రాక్టరు తోలేవాడి ధ్యాస గురించి ముందు అడిగి రండి, తర్వాత ఉప్పెక్కువైన పులుసు గురించి మాట్లాడుకుందాం. "వెయ్యి రూపాయలు దండగ" అంటే, ఇంట్లో పారేసుకున్న ఇయర్‌బడ్లు ఎన్నో, పగిలి మార్చిన ఫోను అద్దాలు ఎన్నో లెక్క తియ్యండి. ఆ లెక్కలో మన పేరు మీద ఏముందో చూడండి.

అయినా నాకు వాళ్ళ మీద కంటే మన మీదే ఎక్కువ కోపం. "నాకెందుకులే" అన్న మాట మన నోట్లోంచే ముందొస్తుంది. నాకెందుకులే అని ఒకసారి అంటే అది ఒక్క పాట దగ్గర ఆగదండీ. ఏం వండాలి, ఏం చూడాలి, ఏ ఊరెళ్ళాలి అన్నీ ఎవరో ఒకరి ఇష్టం మీద నడుస్తున్నాయి. కనీసం మన చెవిలో ఏం పడాలో మనం ఎంచుకుందాం. పండక్కి ఏం కావాలని ఎవరైనా అడిగితే ఈసారి చీర అనకండి. చిన్న పాటల పెట్టె అనండి. ఎవరూ అడక్కపోతే పోపులడబ్బాలో డబ్బులున్నాయిగా, మీరే వెళ్ళి కొనుక్కోండి.